డ్రైనేజీలోకి ఇన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి? – బరంపురం కాలనీ పని డైరీ

జూన్ 18

ఒడియావాళ్ల రజ పండగ మూడు రోజులూ ఎండ కాసింది. పిల్లలు ఉయ్యాలలు ఊగారు. నిన్న సాయంత్రం మొదటి గట్టి వాన పడింది. రాత్రి పదింటికి పంపు ఆపరేటర్ ఫోన్ చేశాడు. "ఆజ్ఞా (అయ్యా), రెండు పంపులూ వేశాను, సంపు దిగట్లేదు." నేను వెళ్లేసరికి పల్లంలో ఉన్న అయిదో లైను చివరి ఇంట్లో బాత్రూం జాలీలోంచి నల్ల నీళ్లు పైకి తంతున్నాయి. ఆ ఇంట్లో మంచం మీద ఉన్న పెద్దావిడను ఇద్దరం ఎత్తి ముందు గదిలోకి మార్చాం. ఏటా ఇదే జరుగుతోంది. మర్నాడు బ్లీచింగ్ చల్లడం, కమిటీలో తిట్టుకోవడం, దీపావళికల్లా మరిచిపోవడం.

ఈసారి పట్టు విడవకూడదనుకున్నాను. నీటి సరఫరా పనుల్లో ముప్పై ఏళ్లు గడిపి రిటైరయ్యాను. ఈ పని నాకు అప్పజెప్పమని కమిటీని నేనే అడిగాను. జరిగినవన్నీ ఇందులో రాస్తాను. ఇలాంటి కాలనీలు మన గంజాం జిల్లాలోనూ, అవతల శ్రీకాకుళం వైపూ చాలా ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తుంది.

జూన్ 20

ముందు లెక్క. మా కాలనీలో 164 ఇళ్లు, సుమారు 740 మంది. విస్తీర్ణం దాదాపు 5 హెక్టార్లు. మురుగు లైన్లు రెండు కిలోమీటర్ల పైచిలుకు. చాలావరకు పాత గ్లేజు మట్టి పైపులు, సిమెంటు జాయింట్లు. అన్నీ కలిసి ఒక సంపులో పడతాయి. అక్కణ్ణుంచి పంపు మా చిన్న శుద్ధి ప్లాంటుకు తోస్తుంది. మనిషికి రోజుకు 135 లీటర్లు వాడకం, అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే రోజుకు 80 వేల లీటర్లు. ప్లాంటు సామర్థ్యం లక్ష లీటర్లు. పంపు గంటకు 18 వేల లీటర్లు తోడుతుంది. అంటే రోజుకు నాలుగున్నర గంటలు నడిస్తే చాలు. ప్యానెల్ మీటరు చూస్తే మే నెలలో సరిగ్గా అంతే నడిచింది. నిన్నా మొన్నా మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు.

కాబట్టి పంపు మంచిదే, ప్లాంటూ మంచిదే. ఇంకో పెద్ద పంపు కొందామని కమిటీలో ఇద్దరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. పెద్ద పంపు పెడితే ఆ వాన నీరంతా ప్లాంటు మీద పడుతుంది. ట్యాంకుల్లో మురుగును తినే సూక్ష్మజీవులు కొట్టుకుపోతాయి. మళ్లీ అవి పెరిగేదాకా వాసనకొట్టే నీళ్లే బయటికి వస్తాయి. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియకుండా రూపాయి ఖర్చుపెట్టకూడదు.

జూలై 2

మురుగు సంపులో పడే ముందు చెత్తను ఆపే జల్లెడ తొట్టి ఉంది. పైన తెరిచే ఉంటుంది, మనిషి దిగక్కర్లేదు. అందులో ఇనుప రేకుతో 90 డిగ్రీల 'వి' గాడి బిగించాను. రేకు కోసి పెట్టింది గేట్ బజార్ దగ్గర వెల్డింగ్ షాపు కుర్రాడు. గాడి మీద నీటి మట్టం కొలిస్తే ప్రవాహం తెలిసిపోతుంది. మట్టం 3 సెం.మీ. ఉంటే సెకనుకు 0.2 లీటరు, 5 సెం.మీ. ఉంటే 0.77, 10 ఉంటే 4.4, 15 ఉంటే 12 లీటర్లు. మట్టం రెట్టింపయితే ప్రవాహం అయిదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. స్కేలు చదివేటప్పుడు అర సెంటీమీటరు తేడా వచ్చినా లెక్క చెడుతుంది. అందుకని రేకుకు కాస్త వెనక, నీరు నిలకడగా ఉన్నచోట స్కేలు అతికించాను.

వాన కొలవడానికి మా డాబా మీద నిలువు గోడల డబ్బా ఒకటి పెట్టాను. మూతీ అడుగూ ఒకే వెడల్పు ఉంటే చాలు, లోపల నిలిచిన నీటిని స్కేలుతో మిల్లీమీటర్లలో చదవొచ్చు.

జూలై 11

ఈరోజు వాన 40 మిల్లీమీటర్లు, దాదాపు గంటలో పడింది. వాన మొదలైన పది నిమిషాలకే గాడి దగ్గర మట్టం లేచింది. పావుగంటలో 15 సెం.మీ. దాటింది. ఆ తర్వాత సంపు నిండి నీరు వెనక్కి కొట్టడంతో గాడి మునిగిపోయింది, కొలత లేదు. 12 లీటర్లకు తక్కువ కాదని మాత్రం చెప్పగలను. వాన ఆగిన రెండు గంటలకు మట్టం మళ్లీ పడిపోయింది.

ఇది చాలా చెబుతోంది. నేలలోకి ఇంకి పైపు పగుళ్లలోంచి చేరే నీరు ఇంత తొందరగా రాదు, ఇంత తొందరగా పోదు. ఇది డాబాల మీంచీ వీధిలోంచీ నేరుగా పడుతున్న నీరు.

రాత్రి కాగితం మీద ఒక చిన్న లెక్క వేశాను. వంద చదరపు మీటర్ల డాబా మీద గంటలో 40 మి.మీ. వాన పడితే 4,000 లీటర్లు, అంటే సెకనుకు 1.1 లీటరు. మా కాలనీ మొత్తం మురుగు సగటున సెకనుకు 0.93 లీటరు. ఒక్క డాబా పైపు డ్రైనేజీలో కలిస్తే చాలు, ఆ గంటసేపు ఇంకో కాలనీని తెచ్చి మన లైనులో కలిపినట్టే. ఈ లెక్కను పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి కమిటీ గది గోడకు అంటించాను. నేను చేసిన ఉపన్యాసాలన్నిటికన్నా ఆ కాగితమే ఎక్కువ పనిచేసింది.

జూలై 23

వానలో గొడుగు వేసుకుని వీధులన్నీ తిరిగాను. రెండో లైను మలుపులో మోకాలి కింది దాకా నీళ్లు. ఇద్దరు కుర్రాళ్లు గునపంతో మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తున్నారు. వీధి నీళ్లన్నీ సుడి తిరుగుతూ అందులోకి దిగుతున్నాయి. "అంకుల్, మూత తీస్తే పది నిమిషాల్లో రోడ్డు ఆరిపోతుంది, ప్రతిసారీ ఇదే చేస్తాం" అన్నాడు ఒకడు. నా గుండె ఆగినంత పనైంది. ఆ బురద నీళ్లలో తెరిచిన గుంత ఎవరికి కనపడుతుంది? ట్యూషన్ నుంచి పిల్లలు వచ్చే వేళ అది. మూత వేయించి, నీళ్లు తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను.

పాపం, వాళ్ల తప్పు కాదు. వాన కాలువ ఉన్నది ఎందుకు? అది పనిచేయదు కాబట్టే మూత ఎత్తారు.

ఆ మలుపులో మూతకు నాలుగు రంధ్రాలు కూడా ఉన్నాయి. 25 మి.మీ. రంధ్రాలు నాలుగు, పైన 5 సెం.మీ. నీరు నిలిస్తే సెకనుకు లీటరుకు పైగా లోపలికి పోతుంది. మూత ఎత్తకపోయినా అదొక డాబాతో సమానం. రోడ్డుకన్నా కిందికి కుంగిన ఇలాంటి మూతలు ఏడు దొరికాయి.

ఆగస్టు 14

నాలుగు రోజులుగా చినుకు లేదు. అయినా పంపు రోజుకు ఎనిమిది గంటలు నడుస్తోంది. తెల్లవారుజామున మూడింటికి, అంతా నిద్రలో ఉన్నప్పుడు, గాడి దగ్గర 5.5 సెం.మీ. ఉంది, అంటే సెకనుకు దాదాపు లీటరు. జూన్ మొదట్లో, వానలకు ముందు, ఇదే వేళకు సంపు నిండే వేగం చూసి వేసిన లెక్క 0.2. తేడా రోజుకు 65 వేల లీటర్ల పైమాట. ఇది నేలలోంచి ఊరుతున్న నీరు.

కేంద్ర ప్రభుత్వపు మురుగునీటి మాన్యువల్‌లో ఊట నీటికి హెక్టారుకు రోజుకు 5 వేల నుంచి 50 వేల లీటర్లు లెక్కలో వేసుకోమని ఉంది. మా 5 హెక్టార్లకు అది 25 వేల నుంచి రెండున్నర లక్షలు. ఆ ప్రకారం మాది మామూలే! కానీ అది కొత్త లైను వేసేటప్పుడు పైపు సైజు ఎంచుకోవడానికి. ఊరితే ఊరనీ అని చెప్పడానికి కాదు. లక్ష లీటర్ల ప్లాంటులో 65 వేలు ఊటే అయితే మురుగుకు చోటెక్కడ?

మూడు రాత్రులు నేనూ, మా మేనల్లుడూ, ఆపరేటరూ టార్చిలైట్లు పట్టుకుని ఒక్కో మూత తీసి చూశాం. అర్ధరాత్రి మురుగు నల్లగా, సన్నగా ఉండాలి. తేటగా, గలగలా పారుతోందంటే అది మురుగు కాదు. తాడుకు చిన్న డబ్బా కట్టి నీళ్లు తోడి, నీటిలో కరిగిన లవణాలు ఎంతో చూపే, ఇంట్లో తాగే నీటికి వాడే టీడీఎస్ పెన్ను ముంచాను. పగటి మురుగు 780 చూపిస్తుంది, కుళాయి నీరు 140, చెరువు పక్క బావి నీరు 420. అయిదో లైనులో 430 వచ్చింది. అది చెరువు పక్కనే పోయే లైను. చెరువు నిండితే నేలలో నీటి మట్టం పైపు కన్నా పైకి లేస్తుంది, ప్రతి జాయింటూ ఒక ఊట అవుతుంది. రెండో లైనులో ఒకచోట 150 చూపించింది. అక్కడ విశాఖ వెళ్లినవాళ్ల ఇంట్లో ఫ్లష్ ట్యాంకు వాల్వు పాడై పగలూ రాత్రీ కారుతోంది. తాళం ఉన్న పక్కింటాయన ఆపేశారు.

ఆగస్టు 17

కమిటీ మీటింగులో ఒక పెద్దాయన అన్నారు: "ఎవరినైనా అయిదో లైను మ్యాన్‌హోల్లోకి దింపి చూపించండి, పది నిమిషాల పని." ఆపరేటర్ కూడా దిగుతానన్నాడు, ఇంకో అయిదు వందలు వస్తాయని ఆశ. ఒప్పుకోలేదు. ఒప్పుకోను. రక్షణ లేకుండా మనిషిని మురుగు లైనులోకి దింపడం, మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. దింపించినవాళ్లకు జైలు శిక్ష కూడా పడొచ్చు. చట్టం లేకపోయినా దింపను. లోపలి విషవాయువు మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ఆ వాసన కూడా తెలియదు, అప్పుడే మనిషి కూలిపోతాడు. కాపాడబోయి రెండోవాడూ పోతాడు. మన ఊళ్లలో ఇలా ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఈ పనిలో ఎవరూ ఏ గుంతలోకీ దిగరని మినిట్స్‌లో రాయించాను. కర్రకు కెమెరా కట్టి చూస్తాం, బయటినుంచి తవ్వి బాగుచేస్తాం. ఖర్చు ఎక్కువైతే అవుతుంది.

జనవరి 24

దసరా, దీపావళి, సంక్రాంతి వెళ్లాయి. ఇన్నాళ్లూ కావాలనే ఆగాను. పొగ పరీక్షకు నేల ఆరి ఉండాలి. జాయింట్లు నీటితో నిండి ఉంటే పొగ బయటికి రాదు.

మూడు రోజుల ముందే ఇంటింటికీ చెప్పాం. వాడని బాత్రూం జాలీల్లో చెంబెడు నీళ్లు పోయమన్నాం, లేకపోతే పొగ ఇంట్లోకి వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లను ఆ పూట చుట్టాలింటికి వెళ్లమన్నాం. ఫైర్ స్టేషన్‌కు కూడా ముందే చెప్పాం. లేదంటే ఎవరో భయపడి ఫోన్ చేస్తారు, బండి వచ్చేస్తుంది.

ఉదయం ఏడింటికి మొదటి లైను. రెండు చివరలా ఇసుక బస్తాలు తాడుతో దింపి పైపు మూశాం. మధ్య మ్యాన్‌హోల్ మీద బ్లోయర్ పెట్టి పొగ గుళిక వెలిగించాం. రెండు నిమిషాల్లో ఇళ్ల మీద వెంట్ పైపుల్లోంచి తెల్లగా లేచింది. అది రావాల్సిందే, అలా వస్తే లైను సక్రమంగా ఉన్నట్టు. తర్వాత ఒక డాబా మీద వాన గొట్టం మూతిలోంచి వచ్చింది. తర్వాత ఇంకో డాబా. ఒకరి తులసి కోట పక్కన నేలలోంచి. మూడో లైనులో పిన్నిగారు గుమ్మంలోకి వచ్చి, "ఏటి బావూ ఇది, భూమ్మీంచి పొగలొస్తన్నాయి" అని దణ్ణం పెట్టుకున్నారు.

రెండు రోజుల్లో అయిదు లైన్లూ అయ్యాయి. వాన గొట్టాలు నేరుగా డ్రైనేజీకి కలిపిన ఇళ్లు 14. ప్రతిచోటా ఫోటో తీసి ఇంటి నంబరు రాశాం.

మనసును కదిలించింది నాలుగో లైను. పార్కు మూలలో ఖాళీ నేల. అక్కడ గడ్డిలోంచి మనిషి ఎత్తు పొగ లేచింది. ఆ చోట ఒకప్పుడు నేరేడు చెట్టు ఉండేదని ఆపరేటర్ గుర్తుచేశాడు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. మర్నాడు చెట్టు తీసేసి, గుంత పూడ్చి, మట్టి చదును చేశాం. నేనూ అక్కడే ఉన్నాను. చెట్టు లేచినప్పుడు వేళ్లు కింది పైపును కూడా పట్టుకు లేపి విరిచేశాయని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఇన్నేళ్లుగా పార్కులో పడ్డ వాన అంతా ఆ విరుగులోంచి మట్టితో సహా లైనులోకి పోతోంది. ప్లాంటులో ఇసుక ఎందుకు పేరుకుంటోందో ఇప్పుడు అర్థమైంది. మీ వీధిలో తుఫానుకు పెద్ద చెట్టు పడి ఉంటే ఆ చోటు ముందు చూడండి.

ఫిబ్రవరి 8

పొగకు దొరకనివి కూడా ఉంటాయి. వాన గొట్టం గల్లీ ట్రాప్ (వాసన పైకి రాకుండా నీరు నిలిచే తొట్టి) మీదుగా కలిస్తే ట్రాప్‌లో నిలిచిన నీరు పొగను ఆపేస్తుంది. అందుకని అనుమానం ఉన్న ఇళ్లలో డాబా మీద బకెట్టెడు నీళ్లలో ఆకుపచ్చ రంగు కలిపి పోశాం. ఒకరు పైన, ఒకరు వీధిలో మ్యాన్‌హోల్ దగ్గర. రంగు కనపడితే కలిసినట్టే. ఇలా ఇంకో 9 ఇళ్లు బయటపడ్డాయి. మొత్తం 23. కొన్ని ఇళ్లలో డాబా సగమే కలిసి ఉంది, కొన్నింట్లో వెనక పెరడు కూడా.

ఫిబ్రవరి 16

23 ఇళ్లకూ నోటీసు ఇద్దామని కమిటీ. ముందు నేను వెళ్లి మాట్లాడతానన్నాను. మూడో లైను పిన్నిగారి మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మా డాబా నీళ్లు ఎటు పోవాల బావూ? వీధిలోకి వదిలితే ఎదురింటోళ్లు తగువుకొస్తారు. కాలవలోకి వదిలితే గుమ్మంలోకి తిరిగొస్తాది. డ్రైనేజీలోకి పోతే ఎవులూ ఏటీ అనరు."

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వాన నీటికి దారి చూపించకుండా గొట్టం కోసేయమనడం అన్యాయం. నోటీసులు ఆపించాను. ముందు వాన కాలువ బాగుచేయాలి, తర్వాతే గొట్టాలు.

ఏప్రిల్ 19

రెండు నెలలు కాలువ పనే. కారు ర్యాంపుల కింద పెట్టిన నాలుగంగుళాల పైపులే అసలు అడ్డం. అలాంటివి 38. కొన్నింటిలో సిమెంటు బస్తాలు, కొబ్బరి డొక్కలు. ర్యాంపులు పగలగొట్టి, తీసి పెట్టుకునే ఇనుప జాలీలు వేశాం. ఒప్పించడానికి ఒక్కో ఇంటికి మూడుసార్లు తిరిగాను. ముందు కమిటీ పెద్దలే తమ ర్యాంపులు తీయించుకున్నారు, ఆ తర్వాత మిగతావాళ్లు కాదనలేకపోయారు. చెరువులో కలిసే చోట పేరుకున్న రాళ్లూ ప్లాస్టిక్కూ తీసేసరికి కాలువ వాలు తిరిగి వచ్చింది. ట్యాంకరు నీళ్లు వదిలి చూశాం, చివరిదాకా పారాయి.

ఇంకుడు గుంతలు తవ్వుదామని కొందరు అడిగారు. ఎగువ ఒకటో లైనులో మంచిదే. చెరువు పక్క వద్దన్నాను. అక్కడ నేల ఇప్పటికే నిండి ఉంటుంది, గుంతలో ఇంకిన నీరు పక్కనే ఉన్న పగిలిన పైపులోకే వస్తుంది.

మే 23

పార్కు మూల తవ్వి 6 మీటర్లు కొత్త పైపు వేశాం. ఏడు మూతలకూ రోడ్డు మట్టం దాకా మెడ లేపి, రంధ్రాల్లేని కొత్త మూతలు, రబ్బరు అంచుతో. అయిదో లైనులో మూడు మ్యాన్‌హోళ్ల చుట్టూ బయటినుంచి తవ్వి కాంక్రీటు పట్టీ పోశాం. ఎక్కువ కారే జాయింట్లు ఉన్న ముక్క, 40 మీటర్లు, మార్చాం. ఒక జాయింటులోంచి లాగిన రావి వేళ్లు జడ మందాన ఉన్నాయి. 23 ఇళ్లలో 21 ఇళ్ల గొట్టాలు కాలువ వైపు తిప్పాం, ప్లంబర్ ఖర్చు కమిటీదే. మిగతా రెండిళ్ల యజమానులు వేరే ఊళ్లో ఉన్నారు.

పిన్నిగారి గొట్టం తిప్పిన రోజు ఆవిడ మా అందరికీ మజ్జిగ ఇచ్చారు.

జూలై 9

38 మి.మీ., గంటకు కాస్త ఎక్కువసేపు. టెన్షన్‌తో జల్లెడ తొట్టి దగ్గరే నిలబడ్డాను. మట్టం 5 దాటింది, 7 దాటింది, 9 దగ్గర ఆగింది. సెకనుకు 3.4 లీటర్లు. ఒక్క పంపే నడిచింది. అయిదో లైను చివరి ఇంటికి వెళ్లి బాత్రూం జాలీ చూశాను. పొడిగా ఉంది. పెద్దావిడ తన మంచం మీదే పడుకుని ఉన్నారు. వాళ్ల కోడలు నా చెయ్యి పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండో లైను మలుపులో నీళ్లు ఇంకా నిలుస్తున్నాయి, చీలమండ దాకా. కాలువ మూతి అక్కడ ఇంకాస్త వెడల్పు చేయాలి. ఎవరూ మ్యాన్‌హోల్ మూత ఎత్తలేదు. ఆ ఇద్దరు కుర్రాళ్లే కాలువ జాలీ మీద ఆకులు తీస్తున్నారు.

ఆగస్టు 19

అయిదు రోజులుగా వాన లేదు, చెరువు నిండుగా ఉంది. తెల్లవారుజామున మూడింటికి గాడి మట్టం 4 సెం.మీ., సెకనుకు 0.44. ఊట రోజుకు 65 వేల నుంచి 20 వేలకు దిగింది. పంపు రోజుకు అయిదున్నర గంటలు. మిగిలిన ఊట కూడా అయిదో లైనుదే, టీడీఎస్ 410. చెరువు గట్టు వెంట ఇంకా 60 మీటర్లు పాత పైపు ఉంది. దాన్ని మార్చడానికి అంచనా రాసి కమిటీకి ఇచ్చాను. నీరు తగ్గాక, జనవరిలో తవ్వకం. ఆ రెండిళ్ల యజమానుల్లో ఒకరు దసరాకు వస్తానని ఫోన్ చేశారు, ప్లంబర్‌కు చెప్పి ఉంచాను.